బొటనవేలి రాజ్యం

చేతిలో ఇమిడే ఫోను. దాని మీద కందిగింజలంత మీటలు. చూడ్డానికి పిల్లల ఆటబొమ్మలా ఉండే ఆ కీబోర్డుతోనే ఒకప్పుడు పెద్దపెద్ద కంపెనీలు నడిచాయి. దానికోసం ప్రభుత్వాలు పంతాలకు పోయాయి. అది పడగ్గదిదాకా వచ్చేసి సంసారాల్లో చిటపటలు రేపింది. ఆఫీసు పనికోసమే పుట్టిన బ్లాక్‌బెర్రీ నిజంగా అంత మంచి ఫోనా? అయితే ఎందుకు కనుమరుగైంది? ఒక్కో పేపరూ దిద్ది మార్కులు వేసి చూస్తే... అసలు సంగతి బయటపడుతుంది.

ఏకలవ్యుడు గురుదక్షిణగా ఇచ్చింది బొటనవేలిని. చదువురానివాళ్లు సంతకానికి బదులు వేసేది బొటనవేలి ముద్రని. అంతకుమించి ఆ వేలికీ రాతకోతలకూ పెద్దగా సంబంధం ఉండేది కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినా అంతే. మిగిలిన ఎనిమిది వేళ్లూ అక్షరాల మీద పరుగులు పెడుతుంటే, బొటనవేలికి దక్కేది కింద ఉండే స్పేస్‌బార్ ఒక్కటే!

అలాంటి వేలికి పట్టాభిషేకం చేసింది కెనడాలోని ఓ కంపెనీ. పేరు రీసెర్చ్ ఇన్ మోషన్... పొట్టిగా రిమ్. మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ అనే ఇద్దరు మిత్రులు 1984లో వాటర్లూ అనే ఊళ్లో దాన్ని పెట్టారు. 1992లో జిమ్ బాల్‌సిల్లీ వచ్చి చేరాడు. లజారిడిస్ యంత్రాల సంగతి చూసుకుంటే, ఈయన వ్యాపారం సంగతి చూసుకునేవాడు. 1999లో ఆ కంపెనీ బ్లాక్‌బెర్రీ 850ని తెచ్చింది. నిజానికి అది ఫోను కాదు, పేజరు. దాంట్లో మాట్లాడటం కుదరదు. కానీ ఈ-మెయిల్ వస్తుంది, తిరిగి జవాబు రాయొచ్చు. అన్నీ కలిపి ఒక్క పెన్సిల్ బ్యాటరీతో పనిచేసేది!

మాట్లాడే బ్లాక్‌బెర్రీ 2002లో వచ్చింది. అదీ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటేనే. అక్కణ్నుంచి మెరుగులు దిద్దుకుంటూ దిద్దుకుంటూ 2008 నాటికి బోల్డ్ 9000 అయింది. కంపెనీ నేర్చుకున్న విద్యలన్నీ దాంట్లో కనిపిస్తాయి. వెనకవైపు తోలులాంటి పూత, మధ్యలో ముత్యంలాంటి ట్రాక్‌బాల్, కింద పూర్తి క్వర్టీ కీబోర్డు. అందుకే బిజినెస్ ఫోనుకు పరీక్ష పెట్టాలంటే దాన్నే కూర్చోబెట్టాలి.

మొదటి పేపరు: రాత

ఆ రోజుల్లో మామూలు సెల్‌ఫోనులో ఇంగ్లిషు ‘ఎస్’ అక్షరం కావాలంటే 7 అంకెను నాలుగుసార్లు నొక్కాలి. ఎస్సెమ్మెస్ పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. బ్లాక్‌బెర్రీలో ఏ అక్షరానికి ఆ మీట ఉంటుంది. అయితే మీటలు ఉండటం ఒక్కటే గొప్ప కాదు. అవి ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం.

బోల్డ్ మీటలు బల్లపరుపుగా ఉండవు. ఒక్కోదానికీ ఒకవైపు వాలు, చిన్న గట్టు. ఎడమవైపు మీటలు ఒకలా, కుడివైపు మీటలు మరోలా... రెండు బొటనవేళ్లూ ఏ కోణంలో దిగుతాయో లెక్కవేసి చెక్కారు. వరసకీ వరసకీ మధ్య గిటారు మెట్లలాగా సన్నటి లోహపు బద్ద. దాంతో వేలు ఎక్కడుందో కన్ను చూడక్కర్లేదు, వేలికే తెలిసిపోతుంది. నొక్కగానే సన్నగా ‘టిక్’మంటుంది. అంటే అక్షరం పడినట్టే. నాలుగు రోజులు అలవాటైతే చాలు, మీటింగులో బల్లకింద చెయ్యిపెట్టి, ఎదుటివాళ్ల ముఖం చూస్తూనే మెయిల్ రాసేయొచ్చు!

దానికితోడు కొన్ని చిట్కాలు. స్పేస్ రెండుసార్లు కొడితే వాక్యం చివర చుక్క పడి, తర్వాతి అక్షరం పెద్దది అయిపోతుంది. మీటను కాస్త నొక్కిపట్టినా పెద్దక్షరమే. మెయిల్ చిరునామా రాసేచోట స్పేస్ కొడితే ‘ఎట్’ గుర్తు దానంతటదే వస్తుంది. మెయిల్ తెరిచి ‘ఆర్’ నొక్కితే జవాబు, ‘ఎఫ్’ నొక్కితే ఇంకొకరికి పంపడం. మెయిళ్ల జాబితాలో ‘టి’ నొక్కితే పైకి, ‘బి’ నొక్కితే కిందికి. మెనూల్లో వెతుక్కునే పనేలేదు.

ఈ పేపరులో నూటికి నూరు. అనుమానమే లేదు.

రెండో పేపరు: మెయిల్

అప్పట్లో మిగతా ఫోన్లలో మెయిల్ చూడటమంటే పోస్టాఫీసుకు వెళ్లి ‘మాకేమైనా ఉత్తరం వచ్చిందా?’ అని అడగడమే. లేదంటే గంట తర్వాత మళ్లీ వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ బ్యాటరీ, డబ్బు రెండూ ఖర్చే. బ్లాక్‌బెర్రీలో పోస్ట్‌మ్యాన్ తనే ఇంటికొచ్చి ఉత్తరం ఇచ్చిపోతాడు. దీన్నే ‘పుష్ మెయిల్’ అన్నారు.

ఈ ఏర్పాటు వెనక రిమ్ సొంత వ్యవస్థ ఉండేది. ఉద్యోగి మెయిల్ ఆఫీసు సర్వరు నుంచి రిమ్ కేంద్రానికి, అక్కణ్నుంచి సెల్‌ఫోన్ కంపెనీకి, అక్కణ్నుంచి ఫోనుకి చేరేది. దారిలోనే దాన్ని మడతపెట్టి చిన్నది చేసేవారు. పెద్ద మెయిలైతే ముందు కొంత ముక్కే వచ్చేది. కావాలంటే మిగతాది అడిగి తెచ్చుకోవాలి. కిలోబైట్ల లెక్కన బిల్లు వేసే రోజుల్లో, నెట్ నత్తనడక నడిచే రోజుల్లో ఇదెంత పొదుపో చెప్పక్కర్లేదు. కొత్త మెయిల్ వస్తే ఫోను పైన చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమనేది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలినప్పుడు సెల్‌ఫోన్ లైన్లు కిక్కిరిసి మూగబోయాయి. బ్లాక్‌బెర్రీల్లో సందేశాలు మాత్రం నడిచాయి. ఆ తర్వాత అమెరికా ప్రతినిధుల సభ తన సభ్యులకు వాటిని ఇప్పించింది. మన దేశానికి 2004లో ఎయిర్‌టెల్ ద్వారా వచ్చింది.

ఈ పేపరులోనూ డిస్టింక్షనే. కాకపోతే ఒక మెలిక ఉంది. ఊరందరి ఉత్తరాలూ ఒకే పోస్టాఫీసు మీదుగా వెళ్లాలి. ఆ తలుపు మూతపడితే? 2011 అక్టోబరులో అదే జరిగింది. ఇంగ్లండ్‌లోని స్లౌలో ఉన్న కేంద్రంలో ఒక స్విచ్ చెడిపోయింది. దాని బదులు అందుకోవాల్సిన రెండో ఏర్పాటు అందుకోలేదు. ఐరోపా, గల్ఫ్, ఆఫ్రికా, భారత్... మూడు నాలుగు రోజులపాటు కోట్లమంది చేతుల్లో ఫోన్లు భేషుగ్గా ఉన్నాయి. మీటలు ‘టిక్’మంటూనే ఉన్నాయి. మెయిళ్లు మాత్రం కదల్లేదు.

మూడో పేపరు: తాళం

కంపెనీలు బ్లాక్‌బెర్రీ కొన్నది రాత కోసమే కాదు, రహస్యం కోసం కూడా. ఉద్యోగి ఫోనుకీ ఆఫీసు సర్వరుకీ మధ్య నడిచే ప్రతి అక్షరానికీ తాళం ఉండేది. ఆ తాళంచెవి ఆఫీసు దగ్గర, ఫోనులో తప్ప మరెక్కడా ఉండదు, తమ దగ్గర కూడా లేదన్నది రిమ్ మాట. ఫోను పోయిందా? ఆఫీసులో కూర్చునే దాంట్లో ఉన్నదంతా తుడిచేయొచ్చు. 2009లో అమెరికా అధ్యక్షుడైన బరాక్ ఒబామా, ఏమైనాసరే బ్లాక్‌బెర్రీని వదలనని పట్టుబట్టారు. చివరికి అదనపు భద్రత చేర్చిన పరికరంతో ఆ ముచ్చట తీర్చుకున్నారు.

అంత గట్టి తాళం ఉంటే పోలీసులకు ఇబ్బందే కదా! 2008 ముంబయి దాడుల తర్వాత భారత ప్రభుత్వం ఒత్తిడి పెంచింది. చట్టప్రకారం సందేశాలు చూసే వీలు కల్పించకపోతే సేవలు ఆపేస్తామంటూ 2010 ఆగస్టు 31ని గడువుగా పెట్టింది. తర్వాత దాన్ని పొడిగించింది. అదే నెల మొదట్లో యూఏఈ కూడా అక్టోబరు 11 నుంచి నిషేధమని ప్రకటించి, ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గింది. దుబాయ్, అబుదాబిల్లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు అది ఇంటి వార్తే.

ఆ గొడవలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ ఉక్కుతాళం ఆఫీసు సర్వరుతో కలిపి వాడేవాళ్లకే. బజార్లో సొంతంగా కొనుక్కున్న మామూలు వినియోగదారు మెయిల్‌కీ, బీబీఎం అనే మెసెంజర్‌కీ అంత కట్టుదిట్టం లేదు. రిమ్ 2012లో ముంబయిలో సర్వరు పెట్టింది. భారత్‌తో తగవు తెమిలింది కూడా ఈ మామూలు సేవల దగ్గరే. పెట్టె మీద పేరు ఒకటే. లోపలి తాళం మాత్రం కొన్నవాణ్ని బట్టి! ఏ ఫోను కొనేటప్పుడైనా ‘ఇది భద్రమేనా?’ అని కాకుండా ‘నా వాడకానికి భద్రమేనా?’ అని అడగాలని చెప్పే పాఠం ఇది.

నాలుగో పేపరు: ఇల్లు

బిజినెస్ ఫోన్ల గుణగణాలు లెక్కించేటప్పుడు అప్పట్లో ఎవరూ పెద్దగా పెట్టని పేపరు ఇది.

అమెరికా తూర్పు తీరంలో ఆఫీసులు తెరిచేసరికి హైదరాబాద్‌లో పొద్దుగూకుతుంది. అక్కడివాళ్లు పని మొదలుపెట్టేదీ ఇక్కడ కంచాలు పెట్టేదీ ఒకే వేళకి. బ్లాక్‌బెర్రీ రాకముందు ఆఫీసు మెయిల్ ఆఫీసు కంప్యూటర్లోనే ఉండిపోయేది. వచ్చాక బెల్టుకున్న తోలు ఒరలో కూర్చుని ఇంటికి వచ్చేసింది. ఫోను ఇచ్చింది కంపెనీ, బిల్లు కట్టేది కంపెనీ. మరి ఎర్రదీపం మెరిస్తే చూడకుండా ఎలా? మొదట్లో అది హోదా. ‘మావాడికి ఆఫీసులో బ్లాక్‌బెర్రీ ఇచ్చారు’ అంటే పదోన్నతి వచ్చినంత. తర్వాత తెలిసింది... అది హోదా మాత్రమే కాదు, పొడవాటి పలుపుతాడు కూడా అని.

ఈ యావ ప్రపంచమంతా ఉన్నదే. మత్తుమందు పేరు కలిపి దీనికి ‘క్రాక్‌బెర్రీ’ అని ముద్దుపేరు పెట్టారు. వెబ్‌స్టర్స్ న్యూ వరల్డ్ నిఘంటువు 2006లో దాన్నే ఆ ఏటి మాటగా ఎంచింది. ఈ పేపరు విషయంలో కాస్త ఆలోచించింది నోకియా. 2008లోనే వచ్చిన ఈ71లో, స్టీలు ఒంటితో సన్నగా ఉండే ఆ కీబోర్డు ఫోనులో, హోంస్క్రీన్లు రెండు ఉండేవి. ఒకటి ఆఫీసుకి, ఒకటి ఇంటికి. సాయంత్రమైతే మార్చేసుకోవచ్చు. మెయిల్ ఆగిపోదుగానీ కనీసం కళ్లముందు కనిపించదు.

బ్లాక్‌బెర్రీకి ఇక్కడ అత్తెసరు మార్కులే. చిత్రమేమిటంటే, అదే సమయంలో ఆ ఫోను ఆఫీసు దాటి కుర్రకారులోకి పాకింది. 2010లో వొడాఫోన్ వేసిన ‘బ్లాక్‌బెర్రీ బాయ్స్’ ప్రకటన గుర్తుందా? సూటుబూటు వేసుకున్న పెద్దమనుషుల మధ్యలోకి రంగురంగుల బట్టల్లో పడుచుపిల్లలు దూసుకొస్తారు. బీబీఎం కబుర్ల కోసం కాలేజీ పిల్లలూ దాన్ని కొన్నారు మరి.

ఐదో పేపరు: మిగతా లోకం

2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోను చూపిస్తూ తెరమీద నాలుగు ఫోన్ల బొమ్మలు వేశాడు. మోటో క్యూ, బ్లాక్‌బెర్రీ, పామ్ ట్రియో, నోకియా ఈ62. నాలుగింటికీ కీబోర్డులే. వీటి లోపం ఆ కింది భాగంలోనే ఉందన్నాడు. అవసరం ఉన్నా లేకపోయినా ఆ మీటలు అక్కడే ఉంటాయి, ప్లాస్టిక్‌లో పోతపోశాక మార్చడానికి వీల్లేదన్నది అతని వాదన.

ఆఫీసు లెక్కన చూస్తే ఆ మొదటి ఐఫోను పరీక్ష తప్పినట్టే. 3జీ లేదు. కంపెనీల మెయిల్‌తో సరిగా కలవదు. బయటి అప్లికేషన్లు వేసుకునే వీల్లేదు. గాజు మీద టైపు చేస్తే తప్పులే తప్పులు. వాటర్లూలో పెద్దగా కంగారు పుట్టకపోవడంలో వింతేముంది? ఆ తర్వాత కూడా బ్లాక్‌బెర్రీ వాడేవాళ్లు పెరుగుతూనే వచ్చారు. 2012లో వాళ్ల సంఖ్య 8 కోట్లు!

కానీ మనిషి ఫోనుతో రాయడమే కాదు, చూడటం మొదలుపెట్టాడు. మ్యాపులు, ఫొటోలు, వీడియోలు, రైలు టికెట్లు, బ్యాంకు పనులు... వీటన్నిటికీ కావాల్సింది వెడల్పాటి తెర. బోల్డ్ ముఖంలో దాదాపు సగం మీటలకే పోయింది. 2008లో ఐఫోనుకి 3జీ, ఆఫీసు మెయిల్, యాప్ స్టోర్ మూడూ వచ్చేశాయి. ఉద్యోగులు తమ సొంత ఫోన్లనే ఆఫీసుకు తెచ్చి ‘దీంట్లో మెయిల్ పెట్టివ్వండి’ అని అడగడం మొదలుపెట్టారు.

రిమ్ ఊరుకోలేదు. 2008 నవంబరులోనే స్టార్మ్ పేరుతో టచ్ ఫోను తెచ్చింది. టైపు చేసేటప్పుడు ‘టిక్’మనాలన్న మమకారంతో తెర మొత్తాన్నీ ఒకే పెద్ద మీటలా చేసింది. అది అటు మీటా కాలేదు, ఇటు గాజూ కాలేదు. 2013లో బ్లాక్‌బెర్రీ 10తో సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తగా రాసింది. అప్పటికి యాప్‌లు తయారుచేసేవాళ్లంతా ఐఫోను, ఆండ్రాయిడ్ల వైపు వెళ్లిపోయారు. ఈ పేపరు తప్పినట్టే.

ఆరో పేపరు: తెలుగు

మనవరకూ అన్నిటికన్నా ముఖ్యమైన పేపరు ఇదే. బోల్డ్ మీటల మీద ఉన్నవి 26 ఇంగ్లిషు అక్షరాలు. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు... ఇవన్నీ ఆ కందిగింజల మీద ఎక్కడ పట్టేను? ఆఫీసులో ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఇంగ్లిషులోనే కాబట్టి పనికి అడ్డురాలేదు. కానీ అదే మనిషి ఊళ్లో ఉన్న అమ్మకు నాలుగు ముక్కలు రాయాలంటే? తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో ఇరికించాలి. ఇంగ్లిషు రాని అమ్మ దాన్ని ఎవరిచేతో చదివించుకోవాలి.

గాజు తెరకు ఆ బాధ లేదు. దానికి సొంత అక్షరాలంటూ ఏవీ లేవు. అందుకే ఏ అక్షరాలైనా తనవే. వేలు ఒకచోట తాకితే ఇంగ్లిషు మీటలు మాయమై అఆఇఈలు ప్రత్యక్షమవుతాయి. జాబ్స్ ఆ రోజు తెలుగు గురించి ఆలోచించి ఉండడు. కానీ పోతపోసిన మీటలు మారవన్న మాటలోని అసలు బరువు తెలుగులాంటి భాషలవాళ్లకే ఎక్కువ తెలిసింది. ఆఫీసు భాష కోసం చెక్కిన మీటలు ఇంటి భాషకు లొంగలేదు.

ఆ పేరెలా వచ్చింది?

రిమ్ తన పరికరానికి పేరు పెట్టే పని లెక్సికాన్ అనే సంస్థకు అప్పగించింది. చిన్నచిన్న మీటలు చూస్తే పండు మీద గింజల్లా ఉన్నాయని ఒకరు అన్నారట. ముందు ‘స్ట్రాబెర్రీ’ అనుకున్నారు. ఆ మాట పలకడానికి సాగుతోంది, మెయిలేమో చురుగ్గా రావాలి కదా అని పక్కన పెట్టేశారు. నల్లటి పరికరం కాబట్టి ‘బ్లాక్‌బెర్రీ’ ఖాయమైంది. 2013లో కంపెనీ కూడా రిమ్ అన్న పేరు వదిలేసి అదే పేరు పెట్టుకుంది.

దీపం ఆరిన రోజు

2016లో బ్లాక్‌బెర్రీ సొంతంగా ఫోన్ల తయారీ మానుకుంది. టీసీఎల్ అనే చైనా కంపెనీ ఆ పేరుతో 2017లో కీవన్, 2018లో కీటూ తెచ్చింది. లోపల ఆండ్రాయిడ్, బయట అవే మీటలు. స్పేస్‌బార్‌లోనే వేలిముద్ర గుర్తించే ఏర్పాటు, మీటల మీద వేలు జరిపితే తెర కదిలే సదుపాయం... ముచ్చటైన ఫోన్లే. కొనేవాళ్లు తక్కువై 2020 ఆగస్టుతో అవీ ఆగిపోయాయి.

ఇక 2022 జనవరి 4న బ్లాక్‌బెర్రీ తన పాత సర్వీసులు ఆపేసింది. బోల్డ్ లాంటి ఫోన్లలో మెయిలే కాదు, మామూలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు కూడా సరిగా పనిచేస్తాయన్న భరోసా లేదని ప్రకటించింది. ఆండ్రాయిడ్‌తో వచ్చినవాటికి మాత్రం ఆ బెడద లేదు. కంపెనీ పోలేదు. కార్లలో వాడే క్యూఎన్ఎక్స్ సాఫ్ట్‌వేర్ లాంటి వ్యాపారాల్లో ఉంది.

ఇప్పటికీ మీటల మీద మోజు తీరనివాళ్లున్నారు. వాళ్లకోసం యూనిహెర్ట్జ్ 2019లో టైటన్ అనే ఫోను తెచ్చింది. 2024లో ‘క్లిక్స్’ పేరుతో ఐఫోనుకు తొడిగే కీబోర్డు కేసు వచ్చింది. అలాంటివి కొనాలనుకుంటే మీట ఎంత మెత్తగా ఉందో చూసి మురిసిపోతే చాలదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? ఇక్కడి 4జీ, 5జీలతో కలుస్తుందా? బ్యాంకు యాప్‌లు తెరుచుకుంటాయా? తెలుగులో రాయడానికి దారుందా? ఈ నాలుగూ అడగాలి. పాత బోల్డ్ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని కొంటే అలమారాలో అందంగా ఉంటుంది, అంతే. 2జీ, 3జీ అసలే లేని జియోలాంటి నెట్‌వర్క్‌లో అది ‘హలో’ అని కూడా అనలేదు.

ఇంతకీ ఫలితం ఏమిటి? రాతలో నూరు, మెయిల్‌లో డిస్టింక్షన్, తాళంలో ఆఫీసుకు ఎక్కువ, మనిషికి తక్కువ. ఇంటి పేపరులో అత్తెసరు. మిగతా లోకంలో, తెలుగులో ఫెయిల్. మొదటి మూడు పేపర్లే పరీక్ష అనుకున్నంతకాలం బ్లాక్‌బెర్రీని కొట్టే ఫోను లేదు. ఫోను ఆఫీసు ఉద్యోగి చేతిలోంచి మామూలు మనిషి చేతిలోకి వచ్చేసరికి మిగిలిన మూడూ వచ్చిపడ్డాయి. వాటికి అది చదువుకుని రాలేదు.

బొటనవేలు మాత్రం తన పదవి పోగొట్టుకోలేదు. బస్సులో, పొలంగట్టు మీద, వంటింట్లో ఇప్పుడు రాసేదంతా ఆ వేలే. కాకపోతే అప్పట్లో అక్షరం వేలికి తగిలేది. ఇప్పుడు కంటితో వెతుక్కోవాలి. అయితేనేం... వెతికితే ‘అమ్మ’ అని అచ్చంగా తెలుగులోనే దొరుకుతోంది!